చేతిలో చిప్ పెట్టించుకునే ముందు కార్డులో ఏ చిప్ ఉందో తేల్చుకోండి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లకు, హాస్టళ్లకు, అపార్ట్‌మెంట్లకు కార్డు తాళాలు, హాజరు మిషన్లు బిగించడం నా పని. రొయ్యలు వలిచేవాళ్ల వేళ్లు నీళ్లలో నాని ముడతలు పడతాయి, వేలిముద్ర ఓ పట్టాన పడదు. అందుకే మా వైపు ప్లాంట్లలో కార్డులే ఎక్కువ. ఈ మధ్య హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు పండక్కి వచ్చినప్పుడు షాపుకొచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిప్ పెట్టించుకుంటామని, ఆఫీసు కార్డు అందులోకి ఎక్కుతుందా అని అడుగుతున్నారు. “ముందు ఆ కార్డు ఇలా ఇవ్వవయ్యా” అంటాను.

ఈ పిచ్చి కొత్తదేం కాదు. అమెరికాలో ఆమల్ గ్రాఫ్‌స్ట్రా అనే ఆయన 2005లోనే రెండు చేతుల్లోనూ పెట్టించుకుని, తర్వాత వీటిని అమ్మే వ్యాపారమే పెట్టాడు. మామూలుగా దొరికేది 2 మిల్లీమీటర్ల మందం, 12 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గాజు గొట్టం. లావు సూదితో చర్మం కిందకి తోస్తారు. లోపలికి వెళ్లాక రకం మార్చడం కుదరదు, కోసి తీయించుకోవాల్సిందే. పైగా గోడకున్న రీడర్‌కి మీ చేయి ముఖ్యం కాదు, తనకి తెలిసిన చిప్ కావాలి. కాబట్టి కొనేముందే కార్డు సంగతి తేలిపోవాలి.

తేల్చాల్సిన మొదటి సంగతి ఫ్రీక్వెన్సీ. తలుపుల కార్డులు దాదాపు అన్నీ రెండు రకాలే: 125 కిలోహెర్ట్జ్, 13.56 మెగాహెర్ట్జ్. దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సి (ఆనించిన కార్డుని చదివే సౌకర్యం) ఆన్ చేసి, ఫోన్ కవర్ తీసేసి, కార్డుని వెనక కెమెరా దగ్గర ఆనించి నెమ్మదిగా కిందకి జరపండి. పర్సులోంచి తీసి కార్డు ఒక్కటే పెట్టాలి, పక్కన ఏటీఎం కార్డు ఉంటే అదే ముందు పలుకుతుంది. ఫోన్ స్పందించిందంటే 13.56. పలకలేదంటే 125 అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ అక్కడే తీర్పు చెప్పేయకండి, హెచ్‌ఐడి అనే తాళాల కంపెనీ వాళ్ల ఐక్లాస్ కార్డుల్లో చాలావాటిని మామూలు ఫోన్ పట్టదు. అవీ 13.56వే.

అనుమానంగా ఉంటే చీకటి గదిలో కార్డు వెనక టార్చి పెట్టి చూడండి. పల్చటి కార్డయితే లోపలి తీగ కనబడుతుంది. సన్న రాగి తీగ గుండ్రంగా, దట్టంగా చుట్టి ఉంటే 125. కార్డు అంచుల వెంట నాలుగు పలకలుగా కొద్ది చుట్లే ఉంటే 13.56. పైన బొక్క ఉండే మందపాటి తెల్ల కార్డులోంచి వెలుతురు రాదు, కానీ ఆ మందపాటివి ఎక్కువగా 125వే.

ఇక కార్డు మీది నంబరు. నాకు ఇష్టమైన పరీక్ష ఇదే. 125లో బాగా నడిచే ఈఎమ్4100 రకం కార్డుల మీద పది అంకెల సంఖ్య, దాని పక్కన మూడంకెలు, కామా, ఐదంకెలు అచ్చేసి ఉంటాయి. ఉదాహరణకి 0001234567 అని, పక్కన 018,54919 అని ఉందనుకోండి. 18ని 65536తో గుణిస్తే 11,79,648. దానికి 54,919 కలిపితే 12,34,567. ముందున్న సంఖ్య దిగిందిగా! రెండూ ఒకే నంబరు, రాసే పద్ధతే వేరు. మొదటి సంఖ్య 1,67,77,215 దాటితే ఈ లెక్క ఇలా కుదరదు, కంగారుపడకండి. లెక్క కుదిరినా సరే, అది ఫోన్ పరీక్షకి తోడు మాత్రమే, ఎందుకంటే అచ్చు ఎవరైనా ఎలాగైనా వేయొచ్చు.

ఫోన్ పలికిన కార్డయితే పని ఇంకా సులువు. ఎన్‌ఎక్స్‌పి కంపెనీ వాళ్ల ట్యాగ్‌ఇన్ఫో యాప్ వేసుకుని కార్డు పెట్టండి. మైఫేర్ క్లాసిక్ 1కె అని, ఎస్‌ఏకే విలువ (చిప్ రకం చెప్పే కోడ్) 08 అని చూపిస్తే అది పాతకాలం చిప్. దాని రహస్య లిపిని 2008లోనే నెదర్లాండ్స్‌లోని నైమేగన్ యూనివర్సిటీ వాళ్లు విప్పేశారు, అయినా మన దగ్గర హాస్టళ్లలో ఇంకా అదే నడుస్తోంది. ఎస్‌ఏకే 20 అని, పేరు డెస్‌ఫైర్ అని వస్తే ఆశ వదులుకోండి. అందులో తాళం చెవులు లోపలే ఉంటాయి, బయటికి రావు. కార్డుని తీసి మళ్లీ పెట్టి చూడండి: ఐడి నంబరు 08తో మొదలై ప్రతిసారీ మారిపోతుంటే అది ఊరికే పుట్టించే నంబరు, దాన్ని కాపీ చేసినా తలుపు తెరుచుకోదు. కార్డు మీద సియోస్ (ఇదీ హెచ్‌ఐడి వాళ్లదే) అని రాసి ఉన్నా ఇదే కథ.

మధ్యలో ఒక మాట. “మా గేదె చెవికి వేసిన పసుపు ట్యాగ్ కూడా ఇదేనా?” అని అడిగినవాళ్లున్నారు. కాదండీ, దాని మీద 12 అంకెల నంబరు, బార్‌కోడే ఉంటాయి, చిప్ ఉండదు. ఈతకోట టోల్‌గేట్ దగ్గర పలికే ఫాస్టాగ్ 865 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే వేరే జాతి. కుక్కలకి వేసే గాజు చిప్ చూడ్డానికి అచ్చం మనుషులకి పెట్టేదానిలాగే ఉంటుంది కానీ 134.2 కిలోహెర్ట్జ్‌ది, ఆఫీసు తలుపుకి పనికిరాదు. చవగ్గా వస్తుందని అది కొనకండి.

కార్డు తేలాక చిప్ ఎంచుకోవడం నిమిషం పని. 125లో ఈఎమ్ గానీ, హెచ్‌ఐడి ప్రాక్స్ గానీ అయితే టీ5577 చిప్ కావాలి, అది రెండింటి వేషమూ వేస్తుంది. మైఫేర్ క్లాసిక్ అయితే ఐడి మార్చుకోగలిగే ‘మ్యాజిక్’ రకం కావాలి. కొన్ని రీడర్లు ఈ మ్యాజిక్ చిప్‌ని పసిగట్టి తిప్పికొడతాయి కూడా.

అందుకే చర్మం దాకా వెళ్లకముందు అదే చిప్ ఉన్న ఖాళీ కార్డు గానీ, కీచైన్ బిళ్ల గానీ కొనండి, చవకే. మీ కార్డు దాని మీదకి ఎక్కించి తలుపు దగ్గర చూడండి. ఎక్కించడానికి ప్రాక్స్‌మార్క్ అనే, కార్డులు చదివి రాసే పరికరం ఉన్నవాళ్లని పట్టుకోండి. అందులో 125కి ఎల్‌ఎఫ్ సెర్చ్, 13.56కి హెచ్‌ఎఫ్ సెర్చ్ అనే రెండు కమాండ్లు కొడితే మీ అనుమానాలన్నీ తీరతాయి. ఆన్‌లైన్‌లో దొరికే తుపాకీ ఆకారం చౌక కాపీ మిషన్ జోలికి మాత్రం పోకండి. వాటిలో కొన్ని టీ5577లో రాసేటప్పుడు తమ పాస్‌వర్డ్ కూడా పెట్టేస్తాయి. తర్వాత ఆ పాస్‌వర్డ్ తెలియకుండా ఇంకో మిషన్ దాన్ని మార్చలేదు. బిళ్ల పాడైతే పారేస్తాం, చేతిలోది ఏం చేస్తాం?

అసలు కాపీ గొడవ లేకుండా ఇంకో దారి ఉంది. కార్డు మిషన్ ఐడి నంబరు మాత్రమే చూసే రకమైతే, చేతిలోని చిప్ నంబరునే మీ పేరు మీద ఎక్కించమని అడ్మిన్‌ని అడగొచ్చు. మా అపార్ట్‌మెంట్ కస్టమర్లకి నేను ముందు చెప్పేది ఇదే. ఆఫీసులో అయితే చెప్పకుండా కార్డు కాపీ చేయడం ఉద్యోగానికే ఎసరు. తెలియని కార్డు పెట్టిన ప్రతిసారీ అది సాఫ్ట్‌వేర్‌లో రికార్డవుతుంది, సెక్యూరిటీ వాళ్లు చూస్తారు. అడిగి చేయించుకుంటే టెన్షన్ ఉండదు.

చివరిగా రీడర్. గాజు గొట్టంలో తీగ చిన్నది, కార్డులాగా దూరం నుంచి అందదు, రీడర్‌కి దాదాపు ఆనించాలి. గొట్టం రీడర్ మధ్యలో కాకుండా లోపలి తీగచుట్టు అంచు దగ్గర, ఆ అంచుకి అడ్డంగా ఉన్నప్పుడు బాగా పలుకుతుంది. కాబట్టి మీ తలుపు దగ్గర ఆ అంచు ఎక్కడుందో ముందే వెతికి పెట్టుకోండి. లావు ఇనుప ఫ్రేముకి బిగించిన రీడర్లు కార్డుకే సరిగా పలకవు, గొట్టానికి అసలే పలకవు. అలాంటి తలుపైతే సూది ఖర్చు మిగుల్చుకోండి.