ఊళ్లో నేర్చుకున్న సైకిల్ టౌన్‌లో ఎందుకు తడబడుతుంది? సమస్యలు, పరిష్కారాలు

నేను సైకిల్ నేర్చుకున్నది దేవరకొండలో. ఖిల్లా కింది సందుల్లో ఎదురొచ్చేవి మేకలు, అప్పుడప్పుడు ఒక ట్రాక్టర్. చదువు కోసం నల్లగొండ వచ్చాక మొదటి వారమంతా క్లాక్ టవర్ సెంటర్‌లో దిగి, సైకిల్ నెట్టుకుంటూ రోడ్డు దాటాను. తర్వాత మా చెల్లికి, హాస్టల్లో ఇద్దరికి నేర్పాను. అందరికీ కాళ్లు బాగానే ఆడుతున్నాయి. వెనక్కి చూసే అలవాటే లేదు.

సమస్య: వెనుక హారన్ మోగగానే హ్యాండిల్ వణుకుతుంది, సైకిల్ మట్టిలోకి దిగిపోతుంది

ఊళ్లో హారన్ కొడితే పక్కకు తప్పుకుంటాం. టౌన్‌లో చాలాసార్లు అది "వస్తున్నాను" అని చెప్పడమే, మీరు దిగిపోనక్కర్లేదు. అసలు టెన్షన్ వెనుక ఏముందో తెలియకపోవడం వల్ల. పోనీ చూద్దామని తల తిప్పితే భుజం, దాంతో చెయ్యి, దాంతో హ్యాండిల్ తిరిగిపోతాయి.

దీనికి మందు సాధన ఒక్కటే. తెల్లవారుజామున పానగల్లు దగ్గర ఉదయ సముద్రం కట్ట వైపు వెళ్లండి. తోడొచ్చినవాళ్లను వెనుక నిలబెట్టి వేళ్లు చూపించమనండి. మీరు తిన్నగా తొక్కుతూ, మోచేతులు వదులుగా ఉంచి, గడ్డాన్ని కుడి భుజం మీదికి తిప్పి ఎన్ని వేళ్లో చెప్పాలి. రోజూ పది నిమిషాలు చేయండి. మా చెల్లికి నాలుగో రోజుకు హ్యాండిల్ కదలడం ఆగింది. అప్పటిదాకా మెయిన్ రోడ్డు వద్దని గట్టిగా చెబుతాను.

ఇంకొకటి. భయంతో తారు అంచునే పట్టుకుని పోవద్దు, గజం లోపలికి ఉండండి. చక్రం అంచు దిగితే, తొక్కుతూనే ఏటవాలుగా పైకెక్కించబోతే ముందు టైరు అంచుకు రాసుకుని జారుతుంది, బండ్ల వైపే పడతాం. ఆగి, దిగి, సైకిల్ ఎత్తి పెట్టుకోండి.

సమస్య: కుడివైపు తిరగాలంటే ధైర్యం చాలదు

మలుపు దాకా ఎడమ అంచునే వచ్చి, అక్కడ ఒక్కసారిగా అడ్డంగా కోయడం వల్ల ఇలా అవుతుంది. ముప్పై మీటర్ల ముందే వెనక్కి చూడండి, కుడి చెయ్యి చాపండి, ఖాళీ దొరికితే మెల్లగా మధ్యకు రండి. దొరకలేదా, తిన్నగా దాటి అవతలి మూలలో ఎడమ పక్కన ఆగండి. సైకిల్‌ను తిప్పి పెట్టుకుని, ఆ రోడ్డు బండ్లు కదిలినప్పుడు వాటితో పాటే వెళ్లండి. క్లాక్ టవర్ దగ్గర నేను నెలరోజులు ఇలాగే దాటాను. ఇప్పటికీ సాయంత్రం రద్దీలో ఇదే మేలనిపిస్తుంది.

సమస్య: ముందున్న ఆటో హఠాత్తుగా ఆగుతుంది, కారు తలుపు తెరుచుకుంటుంది

ఆటో వెనుకే అంటుకుని పోవద్దు. రోడ్డు పక్కన ఎవరైనా చెయ్యెత్తి నిలబడితే అది ఆగబోతుందని లెక్క. ఆగిన కార్లకు తలుపంత దూరం వదలండి.

సమస్య: బ్రేక్ వేస్తే వెనుక చక్రం జారుతుంది

వెనుక బ్రేక్ ఒక్కటే నొక్కుతున్నారు. ఆగేటప్పుడు బరువు ముందుకు వస్తుంది, వెనుక టైరుకు పట్టు తగ్గుతుంది. రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కండి, ఒంటిని కాస్త వెనక్కి జరపండి. ఇసుక మీద, మలుపులో మాత్రం ముందు బ్రేక్ సుతారంగా వేయాలి. వానలో రిమ్ తడిసి బ్రేక్ రబ్బర్లు పట్టవు, కాబట్టి కొంచెం ముందే తాకించి నీళ్లు తుడుచుకోనివ్వండి.

సమస్య: మోకాళ్ల నొప్పి

సీటు కిందికి ఉంది. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ ఆనించి కాలు చాపితే తిన్నగా రావాలి. కొత్తలో రెండు వారాలు మాత్రం ఒక అంగుళం తక్కువే ఉంచండి, కాలు నేలకు అందితే కంగారు తగ్గుతుంది.

సమస్య: మలుపు దగ్గర ఆగిన లారీ పక్కన సందు కనిపిస్తుంది

ఇది మాత్రం సాధనతో పోయేది కాదు. లారీ ఎడమ పక్కన ఉన్న సైకిల్ ఆ లారీ డ్రైవర్‌కు కనిపించకపోవచ్చు. అది ఎడమకు తిరిగితే వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలి నుంచి వస్తాయి, ఆ సందు మూసుకుపోతుంది. వెనుకే ఆగండి. లారీ పూర్తిగా మలుపు తిరిగాకే పెడల్ మీద కాలు పెట్టండి.