ముందు తాళం పెట్టె, తర్వాతే పరుపు

నేను ఒంగోలులో వడ్రంగిని. పిల్లల హోముల్లో పెరిగి, 18 ఏళ్లు నిండాక బయటికొచ్చి, వెళ్లడానికి ఇల్లు లేక బస్టాండులో పడుకునే కుర్రాళ్లున్నారు. మీ వీధిలో పాత గోడౌన్ ఖాళీగా ఉంటే వాళ్లకో నీడ ఏర్పాటు చేయొచ్చు.

అంతకన్నా చిన్న పిల్లలు కనిపిస్తే మాత్రం మీ దగ్గర ఉంచుకోకండి. 1098కి ఫోన్ చేయండి. 24 గంటల్లోపు వాళ్లను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలని చట్టం చెబుతోంది.

కొలతలు తీసే ముందు ఆ కుర్రాళ్లనే కూర్చోబెట్టి అడగండి. నన్నెవరూ మెత్తటి పరుపు అడగలేదు. "అన్నా, సర్టిఫికెట్లు ఎక్కడ పెట్టుకోవాలి?" అనే అడిగారు. టెన్త్ మెమో, ఆధార్ పోతే పని దొరకదని, సంచి తలకింద పెట్టుకుని సగం నిద్రే పోతారు. అందుకే ప్రతి మంచం కిందా తాళం వేసుకునే పెట్టె కావాలి. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌తో చేయించండి. మూత వేశాక బందుల మరలు బయటికి కనిపించకూడదు. కనిపిస్తే తాళం ముట్టుకోకుండానే స్క్రూడ్రైవర్‌తో మూత ఊడదీస్తారు. నవంబరు, డిసెంబరు తుఫాను వానలకు గదిలోకి నీళ్లొస్తాయి కాబట్టి పెట్టె అడుగు నేలకు ఆనకూడదు. తాళంచెవి కుర్రాడి దగ్గరే ఉండాలి, నిర్వాహకుడి దగ్గర కాదు.

పట్టణ నిరాశ్రయుల వసతికి ప్రభుత్వ లెక్క మనిషికి 50 చదరపు అడుగులు. అంటే 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న గదిలో 12 మందే. జాలిపడి ఇరవై మందిని కుక్కొద్దు, గొడవలు అక్కడే మొదలవుతాయి. మంచాల మధ్య నాలుగడుగుల చెక్క అడ్డం పెట్టండి. పడుకుంటే చాటు దొరుకుతుంది, లేచి నిలబడితే గదంతా కనిపిస్తుంది. ప్రతి మంచానికీ ప్లగ్ పాయింట్ తప్పనిసరి. ఫోన్ ఆగిపోతే పొద్దున్నే మేస్త్రీ కాల్ అందదు, ఆ రోజు కూలి పోయినట్టే.

వీధివాళ్లు భయపడతారు. వాళ్లతో మాట్లాడే రోజున కుర్రాళ్లనూ పిలవండి, తలుపు వేసే వేళ అందరూ కలిసే నిర్ణయించుకోండి. స్నానాల గదికి చీమకుర్తి గ్రానైట్ ముక్కలు అడగండి. పాలిష్ పట్టనివైతే కాలు జారదు. పరిచే పని కుర్రాళ్లే చేస్తారు, మేస్త్రీ పక్కనుంటే చాలు.

హోముల నుంచి వచ్చినవాళ్లకు 21 ఏళ్ల దాకా సాయం అందించే వీలు చట్టంలో ఉంది. అద్దె కాగితం చేతికి రాగానే, రంగులు వేసేదాకా ఆగకుండా, వాళ్లను వెంటబెట్టుకుని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లండి.