ఇంటి నుంచే అంతరిక్ష శిక్షణ – 4వ పాఠం: 22 నిమిషాల ఆలస్యంతో మాట్లాడటం

మూడో పాఠంలో ఒక రోజంతా ఒకే గదిలో, ఫోన్ ముట్టకుండా, తలుపు తీయకుండా ఉండమన్నాను. మీ ఉత్తరాలు చదివాక, ఈసారి చెప్పాలనుకున్న స్పేస్‌సూట్ సంగతి పక్కన పెట్టేశాను.

ఎక్కువమంది గుమ్మం దగ్గరే దొరికిపోయారు. కూకట్‌పల్లి ఆయన సిలిండర్ అబ్బాయికి ఓటీపీ చెప్పడానికి బయటికొచ్చారు. దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయిని వాళ్ళమ్మ "టీ చల్లారిపోతోందే" అని పిలుస్తూనే ఉన్నారట. అమీర్‌పేట హాస్టల్ కుర్రాడు, గదిలో ఇంకో ఇద్దరున్నారు కాబట్టి తనది లెక్కలోకి రాదేమో అని దిగులుపడ్డాడు. మల్కాజిగిరి ఆయన మాత్రం "విజయవంతంగా పూర్తిచేశాను" అని రాశారు. చాలాభాగం నిద్రపోయారట.

నిద్రపోతే ఎలాగండీ! 2010 జూన్ నుంచి మాస్కోలో ఆరుగురు మార్స్-500 పేరుతో, అంగారక యాత్రకు రిహార్సల్‌గా, 520 రోజులు మూసిన గదుల్లో ఉన్నారు. రోజులు గడిచేకొద్దీ వాళ్ళ కదలిక తగ్గింది, పడుకునే సమయం పెరిగింది. ఒకరికైతే 24 గంటల లెక్కే తప్పి, మిగతావాళ్ళు మేలుకున్నప్పుడు నిద్ర వచ్చేది. మీకు హాయిగా పట్టిన ఆ నిద్రనే అక్కడి పరిశోధకులు సమస్యగా రాసుకున్నారు.

హాస్టల్ తమ్ముడూ, నీది లెక్కలోకి రాకపోవడమేమిటి, అందరికన్నా నీదే అసలుకు దగ్గర. మన హైదరాబాద్‌లో పెరిగి నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మను బెంగళూరులో 72 గంటలు ఒక గదిలో ఉంచారు. మూసిన చోట భయం ఉందేమో చూడటానికి పెట్టిన పరీక్ష అది. శిక్షణ అలా ఒంటరిగా సాగదు. హ్యూస్టన్‌లో నాసా కట్టిన ఉత్తుత్తి అంగారక ఇంట్లో 2023 జూన్ నుంచి 378 రోజులు ఉన్నది నలుగురు, 1,700 చదరపు అడుగుల్లో. మన త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ అంతే.

ఉస్మానియా నుంచి ఒకరు "మన దేశంలో ఇలాంటివి లేవా" అని అడిగారు. ఉన్నాయి. 2024 నవంబర్‌లో లేహ్‌లో ఇస్రో ఒకటి మొదలుపెట్టింది. 2025లో లద్దాఖ్‌లోనే త్సో కార్ దగ్గర, 4,500 మీటర్లకు పైన, హోప్ అనే స్థావరం పెట్టారు.

ఇక సిలిండర్ సంగతి. లోపలివాళ్ళు ఎంత గట్టిగా ఉన్నా, బయట మన తరఫున చూసుకునే మనిషి లేకపోతే తలుపు తెరుచుకుంటుంది. అసలు మిషన్లలో ఆ పని మిషన్ కంట్రోల్‌ది. మీకూ ఒకరు కావాలి: అక్కో, తమ్ముడో, పక్క ఫ్లాట్ స్నేహితుడో. ఓటీపీలు ముందే వాళ్ళకు అప్పజెప్పండి.

వాళ్ళతో మాట్లాడటమే ఈ పాఠం. చంద్రుడి నుంచి మాట భూమికి చేరడానికి 1.3 సెకన్లు చాలు. అంగారకుడి నుంచి అయితే, రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు. ఒకవైపుకే. మనం 22 పెట్టుకుందాం. టెలిగ్రామ్‌లో షెడ్యూల్ మెసేజ్ ఉందిగా, ఇద్దరూ ప్రతి మెసేజ్‌ని 22 నిమిషాల తర్వాతకు పెట్టండి. పెట్టాక మధ్యలో తీసి దిద్దకండి. బయల్దేరిన రేడియో తరంగం వెనక్కి రాదు.

నన్ను విసిగించే అలవాటొకటి ఉంది. "హాయ్." "ఉన్నావా?" "ఒక మాట." వాట్సాప్ మనకు నేర్పిన పాపం ఇది. లెక్క చూడండి. 10:00కి మీరు "నీళ్ళు రావట్లేదు, ఏం చేయను?" అన్నారు. అక్కకు 10:22కి చేరింది. "ఏ ట్యాప్? మోటర్ వేశావా?" అని ఆమె అడిగింది మీకు 10:44కి అందింది. మీ జవాబు 11:06కి చేరింది. ఆమె చెప్పిన ఉపాయం మీకు 11:28కి వచ్చింది. అందరూ క్షణం ఆలోచించకుండా బదులిస్తేనే ఇది. ముందొక "హాయ్" కొట్టి బదులు కోసం ఆగితే ఇంకో 44 నిమిషాలు కలపండి.

అదే మాట ఇలా రాయండి: "10:00. వంటింట్లో నీళ్ళు లేవు, బాత్రూమ్‌లో వస్తున్నాయి. మోటర్ వేసే ఉంది. సింక్ కింద వాల్వ్ చూస్తున్నాను. 10:50 దాకా నీ నుంచి ఏమీ రాకపోతే బాత్రూమ్ నీళ్ళతో వంట మొదలుపెడతాను." ఏం జరిగింది, నేనేం చేశాను, జవాబు రాకపోతే ఏం చేస్తాను. ఈ చివరిది రాయనివాళ్ళే ఎక్కువ. అది లేని మెసేజ్‌ని నేను చదవను కూడా. వాయిస్ నోట్లు నాకు అసలు పడవు, మళ్ళీ వెతుక్కోలేం.

ఇంకో చిక్కు, మెసేజ్‌లు దారిలో ఒకదాన్నొకటి దాటేస్తాయి. మీ కష్టం వినకముందే అక్క పంపిన "అంతా బాగుందా, ఏం కూర?" అనేది మీకు చేరుతుంది. ఒళ్ళు మండుతుంది. లోపలివాళ్ళ చిరాకంతా కంట్రోల్ రూమ్ మీదికి మళ్ళడం ఇలాంటి మిషన్లలో బాగా తెలిసిన సంగతే. అందుకే బదులిచ్చేటప్పుడు "నీ 10:00 మెసేజ్‌కి" అని మొదలుపెట్టండి.

అభ్యాసం: ఆదివారం ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా 22 నిమిషాల ఆలస్యంతో ఉండండి. మధ్యాహ్నానికి మీరెప్పుడూ వండని గుత్తొంకాయ, అక్క రాసిన సూచనలతోనే వండాలి. "మసాలా అడుగంటితే ఇలా, నూనె తేలకపోతే అలా" అన్నీ ఆమె ముందే ఊహించి ఒకే మెసేజ్‌లో రాయాలి. అంటే ఈ వారం పాఠం ఆవిడకూ చదివించాలి. గ్యాస్ వాసన వస్తే మాత్రం షెడ్యూల్ పెట్టకండి. స్విచ్‌లు ముట్టకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపు తీసి బయటికి రండి.