కొత్త ఉప్పునీటి తొట్టెలో రాయితోపాటు వచ్చే జీవులు: గుర్తింపు, జాగ్రత్తలు

లైవ్ రాక్ అంటే సముద్రంలో చాలాకాలం ఉండి, బాక్టీరియాతోనూ చిన్న ప్రాణులతోనూ నిండిన సున్నపు రాయి (చాలావరకు చనిపోయిన పగడాల అస్థిపంజరమే) కనుక, దాన్ని తొట్టెలో పెట్టిన కొన్ని వారాలలోనే మనం కొనని పురుగులు, పీతలు, నత్తలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. కనబడిన ప్రతిదాన్నీ చంపివేయాలనే తొందరే కొత్తవారు చేసే పెద్ద పొరపాటని నా అభిప్రాయం. వాటిలో ఎక్కువ భాగం మిగిలిన మేతనూ నాచునూ తిని తొట్టెకు మేలు చేసేవే.

రాయి ఎక్కడిదో ముందుగా అమ్మకందారును అడగాలి. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున, వాటిని సముద్రం నుంచి తీయడం నేరం. ఎండు రాయితో మొదలుపెట్టినా, తరువాత తెచ్చే పగడపు ముక్కల అడుగున ఈ జీవులు రాగలవు.

తెచ్చిన రాయిని నేరుగా తొట్టెలో పెట్టకుండా, 1.025 సాంద్రత, 25 డిగ్రుల వేడి ఉన్న ఉప్పునీటితో, పంపుతో వేరే టబ్బులో కనీసం నాలుగు వారాలు ఉంచడం మంచిది. దీపం ఆర్పిన గంట తరువాత ఎర్ర కాగితం చుట్టిన టార్చితో చూస్తే, పగలు దాక్కున్నవి బయట తిరుగుతుంటాయి. ఫొటో తీసుకుని పోల్చి చూసిన తరువాతే ఏం చేయాలో నిర్ణయించుకోవాలి.

గాజు మీద గెంతే తెల్లని చుక్కల్లాంటి కోపెపాడ్లు, రంధ్రం నుంచి సన్నని చేతులు చాపే, నక్షత్రచేపల్లాంటి చిన్న బ్రిటిల్ స్టార్లు, ఇసుక మీద దారాలు పరిచే స్పఘెట్టి పురుగులు హానిచేయవు. గులాబి రంగు బ్రిసిల్ వార్ములలో చాలా రకాలు పారిశుద్ధ్యం చేసేవే. అవి పెరిగిపోతే మేత ఎక్కువ వేస్తున్నామని అర్థం. లావుగా ఉండి, పక్కలంతా తెల్లని ముళ్ల కుచ్చులు విప్పుతూ పగడాలను తినే ఫైర్ వార్మును మాత్రం తీసివేయాలి. ముళ్లు చర్మంలో గుచ్చుకుంటే గీకకుండా అంటుకునే టేపుతో లాగాలి.

అన్నిటికంటే మొండిది ఐప్టేసియా అనే సీ అనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి). చిన్న తాటిచెట్టులా గోధుమ రంగులో పారదర్శకంగా ఉండి, తాకగానే రంధ్రంలోకి ముడుచుకుపోతుంది. దాన్ని కోయకూడదు, నలపకూడదు, గీకకూడదు. పాదం నుంచి మిగిలిన చిన్న ముక్క కూడా కొత్త ఐప్టేసియాగా పెరుగుతుంది. ఒకటి రెండు ఉన్నప్పుడే, పంపు ఆపి, కాల్షియం హైడ్రాక్సైడ్ (తడిసున్నం) ముద్దను సిరంజితో నోటిలోకి ఎక్కించడం నమ్మదగిన పద్ధతి. పెప్పర్‌మింట్ రొయ్యలు కూడా కొన్నిసార్లు తింటాయి.

రాత్రి టిక్కుమనే చప్పుడు వింటే రొయ్యలా ఉండి వేటాడే మాంటిస్ ష్రింపే అనుకోనక్కరలేదు. చాలామటుకు హాని చేయని పిస్టల్ రొయ్య కూడా అలాగే శబ్దం చేస్తుంది. అయినా ఏ రంధ్రంలోనూ వేలు పెట్టకండి, ఎందుకంటే మాంటిస్ దెబ్బ వేలిని చీల్చగలదు. రాయిని బకెట్టు మీద పట్టుకుని, అదే వేడి గల మంచినీటిని ఆ రంధ్రంలో పోస్తే చాలాసార్లు బయటకు వస్తుంది. పంజాల కొసలు నల్లగా ఉన్న రోమాల పీతలను కూడా ఇలాగే వేరుచేయాలి.

మనుషులకే ప్రమాదమైనది బొత్తాముల గుంపులా కనిపించే, పగడాలకు దగ్గరి జీవి అయిన పాలిథోవా. 1971లో హవాయి శాస్త్రవేత్తలు దీని నుంచి వేరుచేసిన పాలిటాక్సిన్ అతి తీవ్రమైన విషం కనుక, దాన్ని చంపడానికి రాయిని ఎన్నడూ ఉడికించకూడదు, వేడినీరు పోయకూడదు, బ్రష్షుతో రుద్దకూడదు. ఆవిరితోనో తుంపరతోనో విషం ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. చేతికి గాయం ఉన్నప్పుడు అసలు ముట్టకూడదు, లేకపోయినా చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. నోట్లో లోహపు రుచి, జ్వరం, ఊపిరాడకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, పాలిటాక్సిన్ అని వైద్యులకు స్పష్టంగా చెప్పాలి.

తీసివేసిన జీవిని సముద్రంలోగాని కాలువలోగాని వదలకూడదు. మాంటిస్ ష్రింపును చంపాలనిపించకపోతే, దానికి వేరుగా ఒక చిన్న తొట్టె కేటాయించవచ్చు.