గేమింగ్ కంప్యూటర్‌లోనే మీడియా సర్వరా, దానికి వేరే పెట్టె కావాలా? ఇంట్లో ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

ఆటలాడే కంప్యూటర్‌ను ఆట అయ్యాక ఆపేయాలి. మీడియా సర్వరును, అంటే డిస్కులోని సినిమాలనూ ఇంటి వీడియోలనూ ఇంట్లోని టీవీలకూ ఫోన్లకూ పంపేదాన్ని, ఆపకూడదు. రెండు పనులనూ ఒకే పెట్టెకు అప్పగించాలా వద్దా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. కొందరు గ్రాఫిక్స్ కార్డు సరిపోతుందా అన్న అనుమానంతో మొదలుపెడతారు. నిక్షేపంగా సరిపోతుంది. అయితే మీరు కొత్త డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేసే వేళకే హాల్లో అమ్మమ్మ పెళ్లి వీడియో చూస్తూ ఉండవచ్చు. అందుకే నా సలహా ఇది: కొన్నాళ్లు గేమింగ్ కంప్యూటర్ మీదే నడిపి చూడండి. ఇంట్లోవాళ్లు రోజూ వాడటం మొదలుపెడితే వేరు చేయండి.

ఈ వ్యాసంలో జెల్లీఫిన్ అనే మీడియా సర్వరు సాఫ్ట్‌వేర్‌ను ఆధారంగా తీసుకుంటున్నాను. ఇలాంటిదే అయిన ఎంబీ తన కోడ్‌ను మూసేసినప్పుడు, అప్పటిదాకా బహిరంగంగా ఉన్న కోడ్ నుంచి 2018 డిసెంబరులో ఇది పుట్టింది. పూర్తిగా ఉచితం. ప్లెక్స్ అనే మరో సర్వరు కూడా మంచిదే కానీ, హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్‌కు (వీడియో ఫార్మాట్‌ను గ్రాఫిక్స్ చిప్‌తో మార్చడానికి) డబ్బు కట్టాలి. 2025 ఏప్రిల్ నుంచి ఇంటి బయట ఉండి మీ సొంత సర్వరులోని వీడియో చూడటానికీ కట్టాలి.

ముందు కరెంటు లెక్క

సాకెట్‌కూ ప్లగ్‌కూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు ఒకటి కొనండి. కంప్యూటర్ ఆన్‌లో ఉండి ఏ పనీ చేయనప్పుడు ఎన్ని వాట్లు చూపిస్తుందో రాసుకోండి. పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్న పెట్టె ఖాళీగా ఉన్నా 60 నుంచి 100 వాట్ల దాకా తాగడం మామూలే. 80 వాట్లు అనుకుందాం. రోజంతా, నెలంతా నడిస్తే 720 గంటలు, అంటే 57 యూనిట్లకు పైనే. 10 వాట్లతో నడిచే చిన్న పెట్టెకు అదే నెలకు 7 యూనిట్లు చాలు.

ఈ 50 యూనిట్ల తేడాను తేలిగ్గా తీసుకోవద్దు. తెలంగాణలో స్లాబు మారేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. సర్వరు యూనిట్లు మీ వాడకానికి పైన చేరేవి కాబట్టి అవి పై స్లాబు ధరకే పడతాయి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వచ్చే ఇల్లైతే దెబ్బ మరీ గట్టిది. నెలకు 170 యూనిట్లు కాల్చే ఇంట్లో ఈ 57 కలిస్తే 200 దాటిపోతుంది, ఆ నెల బిల్లు కట్టాల్సిందే. వేసవిలో కూలర్లు, ఏసీలు తోడయ్యే హైదరాబాద్‌లో ఈ లెక్క వేయకుండా అడుగు వేయకండి.

గేమింగ్ కంప్యూటర్ మీద మొదలుపెట్టడం

సినిమాలు, ఇంటి వీడియోలు ఆటలున్న డ్రైవ్‌లో వద్దు, వేరే హార్డ్ డిస్క్‌లో పెట్టండి. ఆట లోడ్ అవుతుండగా అదే డిస్క్ నుంచి టీవీకి వీడియో కూడా వెళ్లాలంటే రెండూ ఇబ్బంది పడతాయి. ప్రతి సినిమాకూ ఒక ఫోల్డర్ చేసి, దానికి సినిమా పేరు, పక్కన బ్రాకెట్లలో విడుదలైన సంవత్సరం రాయండి. ఒకే పేరుతో రెండు మూడు సినిమాలు ఉండటం మనకు కొత్త కాదు, సంవత్సరం లేకపోతే పోస్టరు తప్పు పడుతుంది. పెళ్లి వీడియోలు, పుట్టినరోజులు, తిరుపతి ప్రయాణాలు మాత్రం సినిమాల లైబ్రరీలో కలపకండి. జెల్లీఫిన్‌లో ఇంటి వీడియోలకూ ఫోటోలకూ విడిగా ఒక రకం లైబ్రరీ ఉంది, వాటిని అందులో చేర్చండి.

విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మామూలు పద్ధతి ఎంచుకుంటే, మీరు లాగిన్ అయిన తర్వాతే సర్వరు లేస్తుంది. అర్ధరాత్రి అప్‌డేట్ వచ్చి కంప్యూటర్ రీస్టార్ట్ అయితే, మీరు పాస్‌వర్డ్ కొట్టేదాకా టీవీలో ఏమీ రాదు. సర్వీసుగా ఇన్‌స్టాల్ చేసే వీలు కూడా ఉంది. విండోస్ సర్వీసుల గురించి కాస్త తెలిసినవారు దాన్ని ఎంచుకోవచ్చు. ఏ పద్ధతిలోనైనా పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ ఆపేయండి, స్క్రీన్ మాత్రం ఆరిపోనివ్వండి. రౌటరులో ఈ కంప్యూటర్‌కు ఒక ఐపీ చిరునామా స్థిరంగా కేటాయించండి. ఇక టీవీలోని జెల్లీఫిన్ యాప్‌లో ఆ చిరునామా, పక్కన 8096 పోర్టు ఇస్తే చాలు. దొరకలేదంటే, విండోస్ మీ ఇంటి నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా భావించి ఫైర్‌వాల్ అడ్డం పెట్టిందేమో చూడండి.

ఆట నెమ్మదిస్తుందా? ఫైలును ఉన్నది ఉన్నట్టు టీవీకి పంపితే, అంటే డైరెక్ట్ ప్లే అయితే, ప్రాసెసర్ మీద భారం దాదాపు ఉండదు. టీవీకి పడని ఫార్మాట్‌ను అప్పటికప్పుడు మార్చి పంపడమే ట్రాన్స్‌కోడింగ్, బరువంతా దానిదే. గ్రాఫిక్స్ కార్డులో వీడియో ఎన్‌కోడ్ చేసే భాగం, ఆట బొమ్మలు గీసే భాగం వేర్వేరు కాబట్టి మామూలు వీడియోతో పెద్ద చిక్కు రాదు. హెచ్‌డీఆర్ (వెలుగు, రంగులు మరింత ఎక్కువగా ఉండే) వీడియోను మామూలు టీవీకి తగ్గట్టు రంగులు మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం రెండూ ఒకే వనరుల కోసం పోటీ పడతాయి, ఆట తడబడుతుంది. సబ్‌టైటిళ్లు కూడా కారణం కావచ్చు. బ్లూరే డిస్కుల్లో వచ్చే బొమ్మ రూపంలోని సబ్‌టైటిళ్లను చాలా పరికరాలు నేరుగా చూపించలేవు. అప్పుడు సర్వరు వాటిని వీడియోలో కలిపి మొత్తం మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. అక్షర రూపంలోని ఎస్ఆర్‌టీ ఫైలు పెడితే ఈ బాధ తప్పుతుంది. ట్రాన్స్‌కోడింగ్ ఎందుకు జరుగుతోందో జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డులో కారణంతో సహా కనిపిస్తుంది, ఊహించుకోనవసరం లేదు.

వేరే పెట్టె కొనడం

ఆఫీసులు వదిలేసిన చిన్న కంప్యూటర్లే నా దృష్టిలో అన్నిటికన్నా మంచి బేరం. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ ఈ కోవలోవి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ సరుకుకు పేరున్న చోటు. నాలుగు దుకాణాలు తిరిగి ధర అడిగాకే కొనండి.

ఇంటెల్ 8వ తరం లేదా ఆపైది అడగండి. ఇంటెల్ ప్రాసెసర్లలో వీడియోలు మార్చే భాగమైన క్విక్ సింక్ 7వ తరం నుంచి 10 బిట్ల హెచ్ఈవీసీ (4కే సినిమాల్లో ఎక్కువగా కనిపించే ఫార్మాట్) వీడియోను కూడా హార్డ్‌వేర్‌లోనే మారుస్తుంది. వీడియోలు మార్చడానికి విడిగా గ్రాఫిక్స్ కార్డే అక్కరలేదు. మోడల్ నంబరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్ మాత్రం వద్దు, అందులో ఈ గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. కొత్తదే కావాలంటే ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ చూడండి. 2023లో వచ్చిన ఈ చిప్‌కు ఇంటెల్ ఇచ్చిన విద్యుత్ పరిమితి 6 వాట్లే. పాతది కొనేటప్పుడు దుకాణంలోనే ఆన్ చేయించండి. బయోస్‌కు (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే సెట్టింగ్స్ ప్రోగ్రాముకు) పాస్‌వర్డ్ ఉందా, ఎస్ఎస్‌డీ ఆరోగ్యం ఎంత శాతం చూపిస్తోంది, అడాప్టర్ ఆ కంపెనీదేనా అన్నవి తప్పక చూడండి.

ఇంటికి తెచ్చాక మొట్టమొదట బయోస్‌లోకి వెళ్లి, కరెంటు పోయి వస్తే దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులు వీచిన సాయంత్రం కరెంటు పోయి వస్తూ ఉంటుంది. ప్రతిసారీ బటన్ నొక్కడానికి మనిషి ఇంట్లో ఉండడు కదా. తర్వాత డెబియన్ లాంటి లినక్స్ వేసి జెల్లీఫిన్ ఇన్‌స్టాల్ చేయండి. హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్ పనిచేయాలంటే జెల్లీఫిన్ యూజరును రెండర్ గ్రూపులో (గ్రాఫిక్స్ భాగాన్ని వాడుకునే అనుమతి ఉన్న యూజర్ల జాబితాలో) చేర్చాలి. ఈ ఒక్క మెట్టు మరిస్తే అది పనిచేయదు.

ఈ చిన్న పెట్టెల్లో 3.5 అంగుళాల డిస్కు పట్టదు. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ డ్రైవ్ తీసుకోండి. విండోస్ సర్వరులో ఫైళ్ల దారులు డేటాబేస్‌లో నమోదై ఉంటాయి కాబట్టి దాన్ని యథాతథంగా లినక్స్‌కు తేవడం తలనొప్పి. వీడియో ఫైళ్లు మాత్రం తెచ్చుకుని లైబ్రరీ కొత్తగా కట్టుకోండి.

ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే అదీ పనికొస్తుంది, దాని బ్యాటరీయే యూపీఎస్. ఎప్పుడూ ప్లగ్‌లో ఉంటే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టే సౌకర్యం ఉంటేనే ఈ దారి ఎంచుకోండి. సర్వరు వెలుగుతున్నా రౌటర్ ఆరిపోతే ప్రయోజనం లేదు, దానికీ ఒక 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టండి. మీ రౌటర్ అడాప్టర్ మీద కూడా 12 వోల్టులనే ఉందో లేదో చూసి కొనండి.

టీవీ దాకా, ఇంటి బయటికి

సర్వరును రౌటర్‌కు నెట్‌వర్క్ (ఈథర్‌నెట్) కేబుల్‌తోనే కలపండి. టీవీకి మాత్రం కేబుల్ కన్నా 5 గిగాహెర్ట్జ్ వైఫై మేలు కావచ్చు. చాలా స్మార్ట్ టీవీల్లో కేబుల్ పోర్టు వేగం 100 మెగాబిట్లే. పెద్ద 4కే ఫైళ్లు కొన్ని సన్నివేశాల్లో ఆ హద్దు దాటుతాయి.

బయటినుంచి చూడటానికి రౌటరులో పోర్టు తెరవమని, అంటే బయటి కనెక్షన్లను నేరుగా సర్వరు దాకా రానివ్వమని, చెప్పే సలహాలు కనిపిస్తాయి. వద్దు. చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో అనేక ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇస్తారు, కాబట్టి అది పనిచేయకపోవచ్చు. పనిచేసినా మీ సర్వరును లోకం ముందు తెరిచి పెట్టినట్టే. మీ పరికరాలను మాత్రమే ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్ యాప్‌ను సర్వరులోనూ ఫోనులోనూ వేసుకోండి. వ్యక్తిగత వాడకానికి ఉచితం, పోర్టులేవీ తెరవక్కరలేదు.

చివరగా, సినిమా పోతే మళ్లీ దొరుకుతుంది, పెళ్లి వీడియో దొరకదు. ఇంటి వీడియోల మరో ప్రతిని ఇంకో డ్రైవ్‌లోకి ఎక్కించి, వీలైతే వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. పండగకు వెళ్లినప్పుడల్లా కొత్తవి చేర్చి, పాతవి తెరుచుకుంటున్నాయో లేదో చూసి రండి. గేమింగ్ కంప్యూటర్ అయినా, వేరే పెట్టె అయినా ఈ పని మొదటి వారంలోనే చేసేయండి.