కుర్రాళ్లతో ఫిలిప్పీన్స్ బాస్కెట్‌బాల్ జాతీయ జట్టు కట్టాలంటే

మన దగ్గర గల్లీ క్రికెట్ ఎలాగో ఫిలిప్పీన్స్‌లో బరంగాయ్ (పేట) బాస్కెట్‌బాల్ అలాగ. రింగు లేని వీధి కనపడదు. 1954లో రియోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆ దేశం కాంస్యం గెలిచింది. 2019లో చైనాలో జరిగిన ప్రపంచకప్‌లో ఆడిన ఐదు మ్యాచ్‌లూ ఓడి 32 జట్లలో 32వ స్థానంతో ఇంటికొచ్చింది. ఆడేవాళ్లు కరువై అలా జరగలేదు. ఒక గుంపును తయారుచేసి, అది పండే వేళకు చెదరగొట్టడం అక్కడి పాత జబ్బు.

2021 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని క్లార్క్‌లో ఏం జరిగిందో చూడండి. ట్యాబ్ బాల్డ్విన్ శిక్షణలో ఎక్కువగా కాలేజీ వయసు కుర్రాళ్లతో నిండిన జట్టు దక్షిణ కొరియాను ఒకే వారంలో రెండుసార్లు ఓడించింది. మొదటి మ్యాచ్‌ను ఎస్‌జే బెలాంగెల్ చివరి క్షణంలో విసిరిన మూడు పాయింట్ల షాటు తేల్చింది: 81-78. రెండేళ్ల తర్వాత సొంతగడ్డ మీద ప్రపంచకప్ ఆడిన పన్నెండు మందిలో ఆ గుంపు నుంచి మిగిలింది డ్వైట్ రామోస్, కై సోటో ఇద్దరే. కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఒక మాట రాసిపెట్టుకోండి: ఎంపిక కంటే నిలుపుకోవడమే పెద్ద పని.

పుట్టిన ఏడాది లెక్క

ఆసియాలో అండర్-16 పోటీ ఇప్పుడు బేసి సంవత్సరాల్లో, అండర్-18 సరి సంవత్సరాల్లో జరుగుతోంది. ఒక్కోదాంట్లో మొదటి నాలుగు జట్లు మరుసటి ఏడాది అండర్-17, అండర్-19 ప్రపంచకప్‌లకు వెళ్తాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా ఆసియా పోటీలోనే ఆడతాయి గనుక ఆ నాలుగులో రెండు చోట్లు దాదాపు పోయినట్టే లెక్క.

చాలామంది చూడనిది ఇక్కడ ఒకటుంది. 2025 అండర్-16కు హద్దు 2009లో పుట్టినవాళ్లు. 2026 అండర్-17కూ వాళ్లే పెద్దవాళ్లు. కానీ 2026 అండర్-18కు, 2027 అండర్-19కు హద్దు 2008. అక్కడ 2009 కుర్రాడు తనకంటే ఏడాది పెద్దవాళ్లతో తలపడాలి. 2010లో పుట్టినవాడి సంగతి తిరగేసి ఉంటుంది. 2025లో వాడు చిన్నవాడు, 2027 అండర్-16కు వయసు దాటిపోతుంది, 2028 అండర్-18లో మాత్రం వాడే పెద్ద. అంటే బేసి ఏడాదిలో పుట్టినవాళ్లు 16, 17 ఏళ్లకు మెరుస్తారు, సరి ఏడాదివాళ్లు 18, 19కి. పదిహేనేళ్లకు జట్టులో చోటు రాలేదని సరి ఏడాదివాడిని వదిలేస్తే మూడేళ్ల తర్వాత మీకు కావలసినవాడిని చేజేతులా పోగొట్టుకున్నట్టే.

అందుకే రెండేళ్లవాళ్లను కలిపి ఒకే గుంపుగా పెట్టండి, ఉదాహరణకు 2009, 2010. గుంపుకు 24 మంది. పోటీకి వెళ్లేది 12 మందే అయినా శిబిరానికి 24 మందినీ పిలవాలి. ఏడాదికి నలుగురైదుగురి కంటే ఎక్కువమందిని మార్చొద్దు.

కాగితాలు ముందు, ఆట తర్వాత

ఏ సమాఖ్య అధికారికైనా చికాకు పుట్టించే పని ఇదే, కానీ జట్లు మునిగేది ఇక్కడే. ఫిలిప్పీన్స్‌లో పుట్టినవాడికి గణాంక సంస్థ పీఎస్‌ఏ ఇచ్చే జనన పత్రం కావాలి. దూరపు దీవుల్లో పుట్టుక ఏళ్ల తర్వాత నమోదైన పిల్లలు ఉంటారు. అలాంటి పత్రం కనపడగానే బడి రికార్డు, ఆసుపత్రి కాగితం కూడా తెప్పించి జతచేయండి. పోటీకి రెండు వారాల ముందు మొదలుపెడితే పని కాదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరిగిన ఫిలిపినో కుర్రాళ్ల విషయంలో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నియమం కఠినం. 16 ఏళ్లు నిండకముందే ఫిలిప్పీన్స్ పాస్‌పోర్టు చేతికి రాకపోతే, తల్లి అచ్చమైన ఫిలిపినో అయినా, వాడిని మామూలుగా పౌరసత్వం తర్వాత పొందినవాడి కింద లెక్కేస్తారు. అలాంటివాడు జట్టుకు ఒక్కడే ఉండాలి. ఎన్‌బీఏ ఆటగాడు జోర్డన్ క్లార్క్‌సన్ ఆ ఒక్క చోటులోనే ఆడాల్సి వచ్చింది. కాబట్టి విదేశాల్లో పన్నెండు, పదమూడేళ్ల పిల్లలున్న కుటుంబాలకు అప్పుడే కబురు పెట్టి, కాన్సులేట్‌లో పుట్టుక నమోదు చేయించి, పాస్‌పోర్టు తీయించండి. ఆ కుర్రాడు ఆటగాడవుతాడో లేదో అప్పటికి తెలియకపోయినా సరే, ఖర్చు చాలా తక్కువ.

బయటి నుంచి పెద్ద సెంటర్‌ను (రింగు కింద ఆడే పొడుగు ఆటగాడిని) తెచ్చుకునే దారి ఫిలిప్పీన్స్ కాంగ్రెస్ గుండా పోతుంది. మార్కస్ డౌథిట్, ఆండ్రే బ్లాచ్, ఆంజ్ కువామే, జస్టిన్ బ్రౌన్లీ అందరికీ విడివిడిగా చట్టం చేశారు. నెలలు పడుతుంది, చివర్లో అధ్యక్షుడి సంతకం కావాలి. ఆ ఆటగాడి అవసరానికి కనీసం ఏడాది ముందు కదలండి.

ఎత్తును చదవడం, చోటును మార్చడం

ఎంపిక రోజున బూట్లు విప్పించి మూడు కొలతలు తీయండి: నిలువెత్తు, రెండు చేతులు చాపితే కొస నుంచి కొసకు దూరం, నిలబడి చేయి పైకెత్తితే అందే ఎత్తు. మూడోదే ఆటలో పనికొచ్చే ఎత్తు. తల్లిదండ్రుల ఎత్తు కూడా రాసుకోండి. ఆపై మూడు నెలలకోసారి కొలవండి. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు పెరిగాడంటే ఎదుగుదల ఉధృతంగా ఉన్నట్టు. ఆ నెలల్లో గెంతులు సగానికి తగ్గించాలి, లేకపోతే మోకాలి చిప్ప కింద నొప్పి తప్పదు. పరుగు తడబడుతుంది, చేతిలో ఒడుపు పోయినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి తీసేయకండి.

ఎంపికలు మనీలాలో మాత్రమే పెట్టడం పెద్ద తప్పు. ఫిలిప్పీన్స్ ప్రొఫెషనల్ లీగ్ పీబీఏలో అందరికంటే ఎక్కువసార్లు ఉత్తమ ఆటగాడైన జూన్ మార్ ఫహార్డో సెబూ ప్రాంతంవాడు. సెబూ, ఇలోయిలో, దవావో, కాగయాన్ దె ఒరోల్లో విడివిడిగా పెట్టండి. దేశవ్యాప్త బడి క్రీడలైన పలారోంగ్ పంబన్సాకు ఆటగాళ్లను పసిగట్టే మనిషిని ఒకరిని పంపండి. అక్కడ స్కోరు రాసుకోవద్దు, పొడుగు కుర్రాడు బంతి పోగొట్టుకున్నాక ఎలా వెనక్కి పరిగెత్తాడో రాసుకోండి.

ఇక అసలు చిక్కు. పదిహేనేళ్లకే 193 సెంటీమీటర్లున్న కుర్రాడు బడి జట్టులో సెంటర్. వాడిని రింగు కింద నిలబెడితే బడికి కప్పు వస్తుంది, కోచ్‌ను తప్పుపట్టలేం. కానీ వాడు 195 దగ్గర ఆగిపోతే, పెద్దల స్థాయిలో చైనా, ఇరాన్ సెంటర్లు 210 పైన ఉంటారు. అప్పటికి వాడికి బంతి తీసుకెళ్లడం రాదు, దూరం నుంచి కొట్టడం రాదు. 22 ఏళ్లకు ఏ చోటుకూ సరిపోని ఆటగాడు తయారవుతాడు. ఫిలిప్పీన్స్‌కు గార్డులు (బంతి నడిపే పొట్టి ఆటగాళ్లు) ఎప్పుడూ పుష్కలం. 195 నుంచి 203 వరకు ఉండి రింగుకు దూరంగా, పక్కల నుంచి ఆడగలిగిన వింగ్‌లే కరువు, ఆ కరువును చాలావరకు అక్కడి శిక్షణే పుట్టిస్తోంది.

బడిని ఒప్పించడానికి ప్రయత్నించండి, కానీ దాని మీదే ఆధారపడొద్దు. జాతీయ శిబిరంలో మాత్రం 205 దాటే సూచన లేనివాడు ఎవడూ రింగుకు వీపు పెట్టి ఆడకూడదని నియమం పెట్టండి. రోజూ చేయించాల్సిన కసరత్తు ఒకటి చెప్తాం. కుర్రాడు మూలలో, 6.75 మీటర్ల గీత వెనక నిలబడతాడు. (మూలలో ఆ గీత కాస్త దగ్గరగా, 6.60 దగ్గరే ఉంటుంది.) రింగు కింద ఒక కాపలాదారు. ఎదురు పక్క నుంచి బంతి రెండు పాస్‌లలో మూలకు వస్తుంది, బంతి గాల్లో ఉండగానే కాపలాదారు పరిగెత్తుకొస్తాడు. వాడు చేయి దించి ఉంటే షాటు. చేయి ఎత్తి మీదికొస్తే పక్కనుంచి దూరాలి, గరిష్ఠంగా రెండు డ్రిబుల్స్ (బంతిని నేలకు కొట్టడం). ఒక్కో మూలలో ఎనిమిది సార్లు, మూడు విడతలు. నూటికి తొంభైమంది చేసే తప్పు, బంతి అందుకున్నాక డ్రిబుల్‌కు దాన్ని చేతి నుంచి వదలకముందే నేలకు ఆనించి ఉంచాల్సిన కాలు ఎత్తేయడం. ఊళ్లో రిఫరీ వదిలేస్తాడు, ఫిబా రిఫరీ ట్రావెలింగ్ (అడుగుల తప్పు) ఊదుతాడు. మొదటి వారమంతా షాటు పడిందా అని చూడకుండా ఆ కాలినే చూడండి.

క్యాలెండర్‌తో పోరు

ఫిబా విండోలు, అంటే జాతీయ జట్ల మ్యాచ్‌లకు కేటాయించిన రోజులు, ఫిబ్రవరి చివర, జూన్-జులైలో, నవంబర్ చివర వస్తాయి. మనీలా విశ్వవిద్యాలయాల లీగ్ యూఏఏపీ సీజన్ సెప్టెంబర్‌లో మొదలై డిసెంబర్‌లో ముగుస్తుంది. నవంబర్ విండో వచ్చేసరికి విశ్వవిద్యాలయాలు చివరి నాలుగు జట్ల పోరులో ఉంటాయి. తమ స్టార్‌ను ఎవరూ మనసారా వదలరు. ఏ విండోకు ఎవరు వస్తారో జూన్‌లోనే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. నవంబర్‌కు కాలేజీ కుర్రాళ్లు ముగ్గురికి మించకుండా లెక్క వేసుకోవడం మేలు.

జపాన్ బీ లీగ్, కొరియా లీగ్‌లలో ఆసియా కోటా తెరుచుకున్నాక కుర్రాళ్లు అటు వెళ్తున్నారు. అది మంచిదే, అక్కడ వారం వారం గట్టి పోటీ. ఒప్పందంలో విండోలకు వదిలే షరతు ఉందో లేదో సంతకానికి ముందే చూడండి. 2021 ఫిబ్రవరిలో కై సోటో అమెరికాలోని జీ లీగ్ ఇగ్నైట్ జట్టును వదిలి ఆసియాకప్ అర్హత మ్యాచ్‌ల కోసం ఇంటికొచ్చాడు. ఆ మ్యాచ్‌లే వాయిదా పడ్డాయి, ఆ జట్టులోకి తిరిగి వెళ్లే దారీ మూసుకుపోయింది. పద్దెనిమిదేళ్ల కుర్రాడిని పిలిచే ముందు, మ్యాచ్ జరగకపోతే వాడి గతేంటన్నది తేల్చుకోవాలి.

శిబిరాలకు నెలకు మూడు రోజులు, బడి సెలవుల్లో మూడు వారాలు సరిపోతాయి. నెలల తరబడి కూర్చోబెడితే బడి, కుటుంబం రెండూ ఎదురుతిరుగుతాయి.

ఎవరితో ఆడించాలి

ఆగ్నేయాసియా కుర్రాళ్ల పోటీల పతకం కొలబద్ద కాదు. అక్కడ కోర్టంతా మీదపడి ఒత్తిడి పెడితే అండర్-16 కుర్రాళ్లు అరవై పాయింట్ల తేడాతో గెలుస్తారు. అదే ఒత్తిడిని ఆస్ట్రేలియా గార్డు రెండు పాస్‌లలో దాటేసి రింగు దగ్గర తేలతాడు. ఏడాదిలో కనీసం ఎనిమిది మ్యాచ్‌లు తమకంటే పొడుగు జట్లతో, పది నిమిషాల క్వార్టర్లతో, ఫిబా వాడే మోల్టెన్ బంతితో ఆడించండి. పీబీఏ క్వార్టరు పన్నెండు నిమిషాలది. రెండు నిమిషాల తేడా చిన్నదనిపిస్తుంది కానీ ఎవరు ఎప్పుడు బెంచీకి రావాలో ఆ లెక్కంతా మారిపోతుంది.

పెద్ద జట్టులోకి ఎక్కించడం

కుర్రాళ్లను మాత్రమే పెట్టి పెద్దల పోటీకి పంపితే ఒక్కోసారి క్లార్క్‌లోలా పండుతుంది, తరచూ ఎండుతుంది. పెద్ద జట్టు కోచ్ టిమ్ కోన్ 2024లో చిన్న గుంపును ఎంచుకుని దాన్నే పట్టుకుని ఉన్నాడు. సోటో, కార్ల్ తమాయో, కెవిన్ కియాంబావోలను ఫహార్డో, బ్రౌన్లీ పక్కన కూర్చోబెట్టాడు. ఆ జూలైలో రీగాలో లాత్వియాను 89-80తో, నవంబర్‌లో మనీలాలో న్యూజిలాండ్‌ను 93-89తో ఓడించారు. 2025 జనవరిలో జపాన్‌లో ఆడుతుండగా సోటో మోకాలి స్నాయువు (ఏసీఎల్) తెగింది, దాంతో ఆ పథకానికి నడుమే లేకుండా పోయింది. అందుకే పొడుగువాళ్లలో ప్రతి చోటుకూ ఒక వారసుడు ఉండాలి. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి ఒరగకుండా చేసే పదిహేను నిమిషాల వార్మప్ అండర్-16 నుంచే ప్రతి సాధనకూ ముందు ఉండాలి.

ప్రతి విండోలో 12 చోట్లలో రెండు, 21 ఏళ్లలోపు వాళ్లకు కేటాయించండి. ఆ రెండు చోట్లు ఎవరికన్నది అండర్-19 కోచ్ చెప్పాలి, పెద్ద జట్టు కోచ్ కాదు. ఆట పిలుపులు (కోర్టులో ఏ ఎత్తుగడ ఆడాలో చెప్పే పేర్లు), సంకేతాలు అండర్-16 నుంచి పెద్ద జట్టు దాకా ఒకటే ఉండాలి. పెద్ద జట్టు కోచ్ మారినా మొదటి పది పిలుపులు మారకూడదని సమాఖ్య ఒప్పందంలోనే రాయించాలి. విండోకు ముందు చేతికి దొరికే సాధన నాలుగైదు రోజులే, కొత్త పేర్లు నేర్పుతూ కూర్చుంటే అందులో రెండు రోజులు పోతాయి.