వరదలకి ముందే బండి ఇన్సూరెన్స్ రేట్లు చూస్కునేవాళ్ళకి

జులై, ఆగస్టుల్లో గోదారి పొంగి కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతాయి, ఆ లోపే చూస్కోండి, ముఖ్యంగా కొత్తగా బైకో స్కూటరో కొన్నవాళ్ళు.

– షోరూమ్‌లో "ఐదేళ్ళ ఇన్సూరెన్స్" అంటారండి, మామూలుగా ఆ ఐదేళ్ళూ థర్డ్ పార్టీకే (అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికే), మన బండి డ్యామేజీకి ఏడాదే ఉంటది. పాలసీలో రెండు డేట్లూ విడివిడిగా చదవండి. మా తమ్ముడు ఇది చూస్కోక రెండో ఏడు బండి పడితే రిపేరు మొత్తం చేతి డబ్బుతోనే కట్టాడు, నాకిప్పటికీ బాధే.

– థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం పెట్టేది, 75 నుంచి 150 సీసీ లోపు బండికి 2022లో ఏడాదికి 714 రూపాయలు చేశారు, ఏ కంపెనీ అయినా అంతే. తేడా అంతా ఓన్ డ్యామేజ్‌లోనే, అంటే మన బండి డ్యామేజీకి కట్టే భాగంలో, అక్కడే బేరం చూడండి.

– ఐడీవీ (పాలసీలో మన బండికి కట్టే విలువ) ఒకటే పెట్టి కంపెనీల రేట్లు పోల్చండి. అది తగ్గించేసి చవక చూపిస్తారు, బండి పోతే వచ్చేది కూడా తగ్గిపోద్ది.

– ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉందా? మన లంకల వైపు తిరిగేవాళ్ళకి ఇది తప్పదు, ఇంజన్లోకి నీళ్ళెళ్ళి పట్టేస్తే మామూలు పాలసీ సాధారణంగా ఇవ్వదు. మునిగిన బండికి సెల్ఫ్ కొట్టొద్దు, తోసుకుంటూ గట్టుకి తెచ్చి ముందు కంపెనీకి ఫోన్ చెయ్యండి.

– జీరో డెప్ (పార్టుల అరుగుదల కింద డబ్బు కొయ్యకుండా ఉండే అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు పార్టులకి సగమే వస్తది.

– పాలసీ అయిపోయాక రెన్యూ చెయ్యకుండా 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోద్ది.